క్వార్టర్ ఖాళీ చేసే నాటికి

ఖరగ్‌పూర్ ఖరిదాలోని తెలుగిళ్లలో పెళ్లి మాటలు నడిచేటప్పుడు అబ్బాయికి పొలం ఎంత ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఏ షాపులో చేస్తున్నాడు, ఏ గ్రేడులో ఉన్నాడు, క్వార్టర్ వచ్చిందా అని అడుగుతారు. "మావాడికి రైల్వేలో అయింది" అనగానే ఆ ఇంటి ఆర్థిక చర్చ అక్కడితో ముగిసిపోతుంది. ఈ అధ్యాయం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. రైల్వే ఉద్యోగం మన కుటుంబాలకు అన్నం పెట్టింది, పిల్లలకు చదువు చెప్పించింది, బెంగాల్లో తలెత్తుకుని బతికేలా చేసింది. కానీ ఉద్యోగాన్నే ఆస్తి అనుకోవడంతో, నిజమైన ఆస్తి కూడబెట్టుకోవలసిన ముప్పై ఐదేళ్లు చాలా ఇళ్లలో ఉత్తినే గడిచిపోయాయి. అరవయ్యో ఏట క్వార్టర్ తాళాలు అప్పగించే రోజున ఆ సంగతి ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా తెలిసొస్తుంది.

ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) 1887లో కంపెనీగా ఏర్పడింది. తూర్పు తీరం రైలు మార్గంలో కటక్ వైపున్న ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికే వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో వానలు లేక, పనులు లేక ఉన్నవాళ్లకు ఆ రైలే దారి చూపింది. ఎక్కి ఉత్తరానికి వస్తే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు, యార్డు, లైను పని. ఊళ్లో కూలి దొరికితే దొరికేది, లేకపోతే లేదు. ఇక్కడ మాత్రం నెల తిరిగేసరికి జీతం. అలా వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలే నేడు ఖరిదాలో, మలంచలో, మథురాకాటిలో, నింపురాలో ఉంటున్న తెలుగువాళ్లు.

అయితే ఆ తాతలకు ఉద్యోగం ఈనాటిలా భద్రంగా లేదు. 1927లో ఖరగ్‌పూర్ సమ్మెనూ చూసింది, వర్క్‌షాపు లాకౌట్‌నూ చూసింది. ఉన్నపళంగా ఉద్యోగాలు తీసేయడం ఆనాటి గొడవల్లో ముఖ్యమైనది. ఆ రోజుల్లో బి.ఎన్.ఆర్. కార్మికుల తరఫున నిలబడిన నాయకుడు వి.వి.గిరి, బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు, తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఇక జీతం చేతికొచ్చినా నిలిచేది కాదు. కార్మికుల పరిస్థితి మీద 1931లో నివేదిక ఇచ్చిన విట్లే కమిషన్ దేశంలోని చాలా పారిశ్రామిక కేంద్రాల్లో కనీసం మూడింట రెండు వంతుల కార్మిక కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, ఆ అప్పు మూడు నెలల జీతాన్ని మించి ఉంటోందని అంచనా వేసింది. రూపాయికి నెలకు అణా వడ్డీ మామూలు రేటు. ఏడాదికి లెక్కేస్తే 75 శాతం. అప్పు వసూలుకు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాపు కాయకుండా బెంగాల్లో 1934లో చట్టమే చేయవలసి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈనాడు మీ పే స్లిప్పులో కనిపించే ప్రతి భద్రతా ఎవరో పోట్లాడి తెచ్చిందే. తాతలు ఉద్యోగాన్ని నిలబెట్టారు. తండ్రులు దాన్ని అనుభవించారు. మీ తరం దాన్ని ఆస్తిగా మార్చాలి.

మీకు కనిపించని ధరలు

రైల్వే ఇచ్చే సౌకర్యాల్లో ఒక చిక్కుంది. క్వార్టర్ ఉంది కాబట్టి అద్దె ఎంతో తెలియదు. ఆసుపత్రి ఉంది కాబట్టి ఆపరేషన్ ఖర్చు ఎంతో తెలియదు. పాస్ ఉంది కాబట్టి ఇంట్లో నలుగురూ విజయనగరం వెళ్లి రావడానికి ఎంతవుతుందో తెలియదు. బతకడానికి అయ్యే ధరలు ముప్పై ఐదేళ్లపాటు కళ్లబడవు. రిటైరయ్యాక మామూలు అద్దె మీద నాలుగు నెలలు, ఎక్కువ అద్దె మీద మరో నాలుగు నెలలు క్వార్టర్లో ఉండనిస్తారు. ఆ తర్వాత ముందుగా ఎదురయ్యేది అద్దె.

అందుకని ఈ ఆదివారం ఒక పని చేయండి. ఖరిదా బజారు వైపో, మలంచ రోడ్డు వైపో వెళ్లి, మీ కుటుంబానికి సరిపడే రెండు గదుల ఇంటికి అద్దె ఎంతో నలుగురిని అడగండి. నెలకు 7,000 అన్నారనుకుందాం. ఏడాదికి 84,000. ప్రస్తుతం సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఇస్తున్న 8.2 శాతం వడ్డీతో ఆ అద్దె ఒక్కటి గడవాలన్నా పది లక్షల పైచిలుకు అసలు ఉండాలి. పైగా అద్దె ఏటా పెరుగుతుంది, అసలు పెరగదు. రైల్వే మీకు ఇస్తున్న క్వార్టర్ విలువ అంత. పే స్లిప్పులో ఆ అంకె ఎక్కడా ఉండదు. దాన్ని మీరే ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి. ఆస్తి కూడబెట్టాలన్న పట్టుదల ఉపన్యాసాలు వింటే రాదు. ఇలాంటి ఒక్క అంకె కళ్ల ముందుంటే వస్తుంది.

తండ్రి ఉద్యోగం కోసం ఎదురుచూసిన ఏళ్లు

ఇంకో నమ్మకం ఇంతకంటే ఎక్కువ నష్టం చేసింది. తండ్రి ముందుగా రిటైరైతే కొడుక్కి ఉద్యోగం వస్తుందన్నది. దానికి నిజంగానే ఒక పథకం ఉండేది. 2004లో డ్రైవర్లకు, గ్యాంగ్‌మన్లకు మొదలుపెట్టారు. 2010లో మరికొన్ని సేఫ్టీ కేటగిరీలకు విస్తరించారు. లార్స్‌గెస్ అన్న దాని పేరు రైల్వే కాలనీల్లో తెలియనివాళ్లు లేరు. 2016లో పంజాబ్ హర్యానా హైకోర్టు ఈ వెనకదారి నియామకాలు రాజ్యాంగం చెప్పిన సమానావకాశాలకు విరుద్ధమని తేల్చింది. 2017 అక్టోబరులో నియామకాలు ఆగాయి, 2018లో పథకమే రద్దయింది. ఇక మిగిలింది ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబానికి, వైద్య కారణాలతో ఉద్యోగానికి పనికిరాకుండా పోయినవారి కుటుంబానికి ఇచ్చే కారుణ్య నియామకమే. ఏ ఇంట్లోనూ కోరుకోదగింది కాదది.

రద్దయిన నియమం కంటే దాని కోసం పోయిన కాలం గురించి నాకు ఎక్కువ బాధ. పద్దెనిమిదో ఏట ఐటీఐలో చేరవలసిన కుర్రాడు, ఇరవయ్యో ఏట వెల్డింగో మెషీనింగో చేతపట్టుకోవలసినవాడు, "నాన్న పేపర్లు పెడతాడు" అని ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా గోల్‌బజార్లో కాలం గడిపాడు. ఆ ఏళ్లకు ఏ కోర్టూ నష్టపరిహారం ఇవ్వలేదు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో "మళ్లీ ఏదో స్కీము వస్తుందట" అన్న మాట వినిపిస్తోంది. మీ ఇంట్లో వినిపిస్తుంటే ఈ రోజే ఆపేయండి. ఎవరైనా "డబ్బిస్తే రైల్వేలో వేయిస్తా" అంటూ వస్తే గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. ఆ ఆశ మీద ఎన్ని నగలు తాకట్టుకు పోయాయో రైల్వే కాలనీల్లో పెరిగిన ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడున్న తలుపులు పరీక్షలవే. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షలున్నాయి. వర్క్‌షాపులో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఉద్యోగం రైల్వేలోనే రావాలని కూడా లేదు. టాటా హిటాచీ లాంటి కంపెనీల కర్మాగారాలు ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో ఉన్నాయి, చేతిలో పని ఉన్న ఫిట్టరుకు, మెషినిస్టుకు అక్కడ గిరాకీ ఉంది. 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ మన ఇళ్ల నుంచి సైకిల్ మీద వెళ్లేంత దూరంలో ఉంది. ఏటా గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ తెలుగు పిల్లలు మన స్టేషన్లో దిగి ఆ గేటులోకి వెళుతున్నారు. మన వీధి పిల్లలు ఆ గేటు ముందు నుంచి ఏళ్ల తరబడి వెళుతూ, అది తమకు సంబంధించింది కాదనుకోవడం నాకు మింగుడుపడదు. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లనో పిల్లాడినో ఒకసారి ఆ చుట్టుపక్కలకు తీసుకెళ్లండి. ఆ ప్రవేశ పరీక్ష ఏమిటో, దానికి ఎప్పటినుంచి చదవాలో అక్కడి తెలుగు విద్యార్థులనే అడగండి. వాళ్లు సంతోషంగా చెబుతారు.

ఖరగ్‌పూర్‌లో ఆశయం అనగానే అందరూ ధోనీ పేరెత్తుతారు. 2000ల మొదట్లో ఇక్కడ టికెట్ కలెక్టరుగా చేసి, ఆ కొలువు వదిలి భారత జట్టు కెప్టెన్ అయిన మాట నిజమే. కానీ మీ కొడుక్కి ఆ కథలో చెప్పవలసింది ఉద్యోగం వదిలేయడం గురించి కాదు. ఉద్యోగంలో ఉండగానే డ్యూటీ అయ్యాక మైదానానికి వెళ్లిన ఆ రోజుల గురించి చెప్పండి. నెలజీతం మీద తల్లీ చెల్లీ ఆధారపడిన కుర్రాడికి రాజీనామా గొప్పతనం బోధించడం అన్యాయం.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది డిపార్ట్‌మెంట్ పరీక్షల గురించే. లెవెల్-1లో చేరినప్పుడు మూలవేతనం 18,000. జూనియర్ ఇంజనీరుకు లెవెల్-6లో 35,400. తగిన చదువుంటే ట్రాక్‌మెన్, హెల్పర్లు కూడా రైల్వే ఉద్యోగులకే పెట్టే జీడీసీఈ పరీక్ష రాసి అసిస్టెంట్ లోకోపైలట్, స్టేషన్ మాస్టర్, జూనియర్ ఇంజనీర్ పోస్టులకు వెళ్లవచ్చు. గ్రూప్-బి అధికారుల పోస్టుల్లో 30 శాతం పరిమిత పోటీ పరీక్షతోనే నింపుతారు. ఐటీఐతో చేరినవాడు ఉద్యోగం చేస్తూ డిప్లొమా పూర్తి చేస్తే ఈ తలుపుల్లో చాలా తెరుచుకుంటాయి. అయినా చాలామంది ఫారం నింపరు. చక్రధర్‌పూర్‌కో, ఆద్రాకో, రాంచీకో పోస్టింగ్ పడుతుందేమో, క్వార్టర్ పోతుందేమో, ఓవర్‌టైమ్ (ఓటీ) తగ్గుతుందేమో అన్న భయం. భయం అర్థమవుతుంది. కానీ లెక్క వేయండి. 17,400 మూలవేతనం తేడా, దాని మీద డీఏ, దాని మీద పెన్షన్. ఓటీ ఆ నెలతో అయిపోతుంది. గ్రేడు మీరు బతికున్నన్నాళ్లు, మీ తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌గా మీ భార్యకు కూడా వస్తూనే ఉంటుంది. మీకు తెలిసినంతలో ఇంత రాబడి ఇచ్చే పెట్టుబడి మరొకటి ఉంటే చెప్పండి.

మూడు వేలు, ముప్పై ఏళ్లు

పొదుపు దగ్గరికి వస్తే, 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ల పరిస్థితి తండ్రులది లాంటిది కాదు. వాళ్లకు పాత పీఎఫ్, పాత పెన్షన్ లేవు. జాతీయ పెన్షన్ పథకం (ఎన్‌పీఎస్) ఉంది, 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకం (యూపీఎస్) కూడా వచ్చింది. యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం పెన్షన్‌గా హామీ ఇస్తారు. ఎన్‌పీఎస్‌లో ఉండిపోయినవాళ్లకు హామీ ఏమీ లేదు, ఫండు ఎంత పెరిగితే అంత. 18,000 మూలవేతనం, 2025 జులై నుంచి అమల్లోకి వచ్చిన 58 శాతం డీఏ కలిపితే 28,440. అందులో మీ వాటా పది శాతం, అంటే 2,844. ప్రభుత్వ వాటా పద్నాలుగు శాతం, 3,980 పైన. ఇవి రెండూ కలిసి నెలనెలా ఎక్కడికి వెళుతున్నాయో చూసినవాళ్లు వర్క్‌షాపులో ఎంతమంది? మీరేమీ చెప్పకపోతే ఆ డబ్బు డిఫాల్ట్ పథకంలోకి వెళుతుంది. అందులో షేర్ల వాటా తక్కువగా ఉంటుంది. ముప్పై ఐదేళ్ల సర్వీసు ముందున్న పాతికేళ్లవాడికి ఇది అవసరానికి మించిన జాగ్రత్త. ఎల్‌సీ-50 అనే పథకం ఎంచుకుంటే ముప్పై ఐదేళ్ల వయసు దాకా సగం షేర్లలో ఉండి, తర్వాత వాటంతటవే తగ్గుతూ వస్తాయి. నేనైతే చిన్నవాళ్లను ఆ దారికే వెళ్లమంటాను. షేర్లలో ఒడిదుడుకులుంటాయి. అయినా కాలం చేతిలో ఉన్నవాడు తట్టుకోగలిగిన ఒడిదుడుకులే అవి.

దీనికి తోడు మీరుగా వేసుకునే పొదుపు ఒకటి ఉండాలి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ ఖాతా తెరిచి నెలకు 3,000 వేస్తున్నారనుకుందాం. ఇప్పటి 7.1 శాతమే చివరిదాకా ఉంటే పదిహేనేళ్లకు సుమారు తొమ్మిదిన్నర లక్షలు. ఐదేళ్ల చొప్పున పొడిగిస్తూ ముప్పై ఏళ్లు నడిపితే దాదాపు 36 లక్షలు. అదే మూడు వేలు పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఇరవై ఏళ్లు వేస్తే పదిహేనున్నర లక్షలే. పదేళ్లలో మీరు వేయకుండా మిగుల్చుకున్నది 3,60,000. పోగొట్టుకున్నది ఇరవై లక్షల పైన. ముప్పై ఏళ్ల వయసులో "పెళ్లి కావాలి, చెల్లి పెళ్లి చేయాలి, ఆ తర్వాత చూద్దాం" అనేవాళ్లకు ఈ లెక్క ఒక్కటి చూపిస్తే చాలు. మరమగ్గం నేసినట్టు చక్రవడ్డీ పని చేసేది చివరి పదేళ్లలోనే, అయితే దానికి దారం ఎక్కించేది మొదటి పదేళ్లు.

భార్య పేరు మీద కూడా ఒక ఖాతా తెరవండి. టిఫిన్ సెంటరు నడిపే ఇల్లాళ్లు, కుట్టుమిషన్ మీద సంపాదించే ఇల్లాళ్లు మన పేటల్లో ఉన్నారు. వాళ్ల డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఉంది, దాని వడ్డీ ప్రస్తుతం 8.2 శాతం. వర్క్‌షాపు బయట చిన్న ఉద్యోగాలు చేసుకునే కొడుకులకు రైల్వే ఆసుపత్రి ఉండదు, వాళ్లకు ఆరోగ్య బీమా తప్పనిసరి.

అయిదు రూపాయల వడ్డీ

ఇంత పొదుపు చేస్తూ ఒక పక్క నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు ఉంచుకుంటే అంతా వృథా. 50,000 తెస్తే నెలకు 2,500 వడ్డీ. ఇరవై నెలలకు అసలంత వడ్డీ కట్టేశారు, అసలు అసలుగానే ఉంది. ఏడాదికి 60 శాతం. విట్లే కమిషన్ చూసిన రోజుల నుంచి మనం ఎంతో దూరం రాలేదన్నమాట. పొదుపు మొదలుపెట్టే ముందు ఈ అప్పు తీర్చండి. రైల్వే ఉద్యోగికి సహకార సొసైటీ లోను, బ్యాంకు జీతం లోను దీనికంటే ఎన్నో రెట్లు చౌకగా దొరుకుతాయి. తక్కువ వడ్డీ అప్పు తెచ్చి ఎక్కువ వడ్డీ అప్పు కట్టేయడం తప్పేమీ కాదు. కట్టాక మళ్లీ ఆ గుమ్మం తొక్కకపోతేనే అది తెలివి అవుతుంది.

ఎక్కువ వడ్డీ ఇస్తామనేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2013 ఏప్రిల్‌లో శారదా గ్రూపు కూలిపోయినప్పుడు బెంగాల్లో లక్షల కుటుంబాలు ఏడ్చాయి. జనం దాన్ని చిట్‌ఫండ్ అన్నారు గానీ నిజానికి అది చిట్‌ఫండే కాదు, కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు చెల్లించే మోసం. రెండేళ్లు తిరగకుండానే విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కూలింది. అక్కడ సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు. శ్రీకాకుళంలో బంధువులూ ఇక్కడ మనమూ ఉన్న కుటుంబాలకు ఈ రెండు దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి తగిలాయి. రెండు చోట్లా డబ్బు వసూలు చేసింది బయటివాళ్లు కాదు. వీధిలో తెలిసిన మనిషి, అన్నా వదినా అని పిలిచే మనిషి. ఆ మనిషి కూడా చాలాసార్లు మోసపోయినవాడే. కాబట్టి మనిషి మంచితనం చూసి డబ్బు పెట్టకండి. ఆ కంపెనీకి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఎవరిచ్చారో చూడండి. రిజర్వ్ బ్యాంకు నడిపే సచేత్ వెబ్‌సైటులో వెతకవచ్చు, ఫిర్యాదు కూడా చేయవచ్చు. చీటీ వేస్తే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చోట వేయండి. బ్యాంకు డిపాజిట్‌కైతే ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల దాకా బీమా ఉంది.

త్వరగా డబ్బు చేసుకునే దారి ఇంకొకటి ఈ ఊరివాళ్లకు తెలుసు. రైల్వే స్క్రాప్ చుట్టూ తిరిగిన డబ్బు, దాని వెంట వచ్చిన తుపాకులు, 2017 జనవరిలో పట్టపగలు ఈ ఊళ్లోనే జరిగిన హత్య. ఆ డబ్బు ఏ ఇంటికీ మూడో తరం దాకా చేరలేదు.

స్థలం కొనేటప్పుడు

చాలామందికి రిటైర్మెంట్ ముందు వచ్చే పెద్ద ప్రశ్న ఇది: ఊళ్లో ఇల్లు కట్టాలా, ఇక్కడ కట్టాలా? బొబ్బిలి దగ్గరో పాలకొండ దగ్గరో మేడ కట్టి, పండక్కి వారం రోజులు ఉండి, మిగతా ఏడాది తాళం వేసిన ఇళ్లు ఎన్నో చూశాను. తాత ఊరి మీద ప్రేమ ఉండాలి. కానీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో, పెన్షన్ ఏ బ్యాంకులో పడుతుందో, మీకు గుండెనొప్పి వస్తే మీ రైల్వే మెడికల్ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో అక్కడే మొదటి ఇల్లు ఉండాలి.

ఇక్కడ కొనేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు. ఖరగ్‌పూర్‌లో రైల్వే స్థలంలో పుట్టిన బస్తీలు చాలా ఉన్నాయి. అలాంటి చోట స్టాంపు కాగితం మీద "పొజిషన్" రాసిచ్చి లక్షలు తీసుకుంటారు. ఆ కాగితానికి హక్కు రాదు. ప్రభుత్వ స్థలాలు ఖాళీ చేయించే 1971 నాటి చట్టం ప్రకారం రైల్వే ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు. జీవితమంతా రైల్వేలో పని చేసి, ఆ సొమ్మంతా రైల్వే స్థలంలోనే పోసి, చివరికి రైల్వే నోటీసే అందుకోవడం కంటే దుఃఖం ఏముంటుంది? ప్రైవేటు స్థలమైతే మౌజా (రెవెన్యూ గ్రామం), ఖతియాన్ (ఖాతా), దాగ్ (ప్లాటు) నంబర్లు అడిగి తీసుకుని, బాంగ్లార్‌భూమి వెబ్‌సైటులోనూ బ్లాకు భూమి ఆఫీసులోనూ పర్చా (హక్కుల రికార్డు) చూడండి. అమ్మేవాడి పేరు, పర్చాలో పేరు ఒకటేనా? రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ చేయించుకోండి, దాన్ని ఏళ్ల తరబడి వదిలేసి తర్వాత అన్నదమ్ముల తగాదాలో చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. ఈ కాగితాలన్నీ బాంగ్లాలో ఉంటాయి. మాట్లాడటం మనందరికీ వచ్చు, చదవడం చాలామందికి రాదు. ఇంట్లో ఒక్కరైనా చదవడం నేర్చుకోవాలి.

సెటిల్మెంట్ డబ్బు

ఇక ఆఖరి మాట, అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసింది. పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకు రిటైరైన రోజున గ్రాట్యుటీ, 300 రోజుల దాకా లీవ్ శాలరీ, పీఎఫ్, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత వదులుకుని ముందే తీసుకునే మొత్తం) కలిసి ఒక్కసారిగా చేతికొస్తాయి. గ్రాట్యుటీ పరిమితి 2024 జనవరి నుంచి 25 లక్షలు. జీవితంలో అంత డబ్బు ఒకేసారి చూడటం అదే మొదటిసారి. ఆ వారమే బంధువులు, బీమా ఏజెంట్లు, పాత బాకీలు, కూతురి అత్తవారి కోరికలు వరుసగా వస్తాయి.

కమ్యుటేషన్ విషయం ఎవరూ లెక్కేసి చెప్పరు, నేను చెబుతాను. నెలకు 20,000 పెన్షన్ అనుకుందాం. అందులో 40 శాతం, అంటే 8,000, పదిహేనేళ్లకు వదులుకుంటే చేతికి వచ్చేది 8,000ను పన్నెండుతో, ఆ తర్వాత 8.194 అనే కమ్యుటేషన్ ఫ్యాక్టరుతో హెచ్చించినంత. సుమారు 7,87,000. పదిహేనేళ్లలో మీరు వదులుకునేది 14,40,000. వడ్డీగా చూస్తే ఇది ఏడాదికి తొమ్మిది శాతం చిల్లర అప్పు. మధ్యలో పెన్షనర్ పోతే మిగతాది వసూలు చేయరు, ఫ్యామిలీ పెన్షన్ తగ్గదు, అది మేలే. కాబట్టి ఐదు రూపాయల వడ్డీ అప్పు తీర్చడానికో, ఇల్లు పూర్తి చేయడానికో అయితే కమ్యుటేషన్ తీసుకోండి. తీసుకొచ్చి ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే ఏటా నష్టమే. "అందరూ 40 శాతం రాస్తున్నారు" అని క్లర్కు చెప్పినంత మాత్రాన రాయకండి. తక్కువ శాతం రాయడానికీ, అసలు వద్దనడానికీ మీకు హక్కుంది.

వచ్చిన మిగతా డబ్బును ఆరు నెలలు పొదుపు ఖాతాలోనో చిన్న డిపాజిట్‌లోనో ఉంచి, ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి. ఆ తర్వాత సీనియర్ సిటిజన్ల పథకంలో, 30 లక్షల పరిమితికి లోబడి, మీకు వీలైనంత వేయండి. 15 లక్షలు వేస్తే ఇప్పటి రేటుకు మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. కూతురి పెళ్లికి ఎంత, కొడుకు దుకాణానికి ఎంత అన్నది రిటైరవ్వడానికి రెండేళ్ల ముందే భార్యాభర్తలు కూర్చుని రాసుకోవాలి. చేతిలో డబ్బు పడ్డాక రాసుకునే అంకెలు ఎప్పుడూ పెద్దవిగానే ఉంటాయి.

ఇంకొక్క పని సర్వీసులో ఉండగానే పూర్తి చేయాలి. మనకు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు, ఇక్కడి ఆఫీసుల్లో వెనక రాస్తారు. సర్వీసు రికార్డులో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో అప్పారావు అన్న పేరు రెండు ముక్కలుగా, బ్యాంకులో ఒకే ముక్కగా. భార్య పేరు పెళ్లికి ముందు ఒకలా, తర్వాత ఒకలా. ఆమె పుట్టినతేదీ ఒక్కో కాగితంలో ఒక్కోటి. మీరు ఉన్నంతకాలం ఇవేవీ అడ్డు రావు. మీరు లేని రోజున ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె కౌంటర్ల చుట్టూ తిరిగేది ఈ తేడాల వల్లే. పాత ఎల్‌ఐసీ పాలసీల్లో నామినీగా ఎప్పుడో పోయిన తండ్రి పేరు ఉందేమో చూడండి. ఎన్‌పీఎస్, బ్యాంకు, సొసైటీ, పీపీఎఫ్, అన్నిచోట్లా నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. సర్వీసు రికార్డులో పేర్లు సరిచేయించడానికి పర్సనెల్ బ్రాంచికి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన కాపీ ఇంట్లో పెట్టుకోండి. ఆ కాపీ ఎక్కడుందో ఆమెకు చూపించండి.